పిల్లల సంఖ్యను తేల్చేది మతమా, భాషా, పట్నమా?

ప్రశ్నలపుట్ట:
ఒక ప్రాంతంలో పిల్లలు ఎక్కువ పుడుతున్నారంటే చాలామంది ముందు మతం పేరే ఎత్తుతారు. నా లెక్కలో అసలు కారణం పట్నవాసం. ఇల్లు ఇరుకు, చదువులు ఖరీదు, పొలం పనికి చేతులు అక్కర్లేదు. దక్షిణ కొరియాలో 2023లో స్త్రీకి సగటున 0.72 మంది పిల్లలు, సియోల్‌లో అయితే 0.55. ఇందులో మతం పనేముంది?

లెక్కలపిచ్చి:
ఇజ్రాయెల్లో పదిమందిలో తొమ్మిదిమంది పట్నాల్లోనే ఉంటారండీ. సగటు దాదాపు 3! హరేదీలనే ఛాందస యూదుల్లో 6 దాటుతుంది. వాళ్లేమీ పల్లెల్లో లేరు, జెరూసలేం లాంటి నగరాల్లోనే ఉన్నారు.

నిదానం:
ఇద్దరూ భాషను వదిలేశారు. 1963లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జనాభా శాస్త్రవేత్త ఆన్స్‌లీ కోల్ మొదలుపెట్టిన పరిశోధన ఐరోపా మొత్తాన్ని జిల్లాల వారీగా చూసింది. ఫ్యాక్టరీలు వచ్చిన చోటే కాన్పులు ముందు తగ్గుతాయన్న పాత నమ్మకం అక్కడ నిలవలేదు. ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దం చివర్లోనే తగ్గాయి. అప్పటికి జనం ఎక్కువగా పల్లెల్లోనే ఉన్నారు, పైగా క్యాథలిక్కులు. ఫ్యాక్టరీలకు పుట్టిల్లయిన ఇంగ్లండ్‌లో 1870ల దాకా ఆగాల్సి వచ్చింది.

బెల్జియం ఇంకా తమాషా. భాషల సరిహద్దుకు అటూ ఇటూ ఊళ్లు, మతం ఒకటే, బతుకుతెరువూ ఇంచుమించు ఒకటే. ఫ్రెంచి ఊళ్లలో ముందు తగ్గింది, ఫ్లెమిష్ (డచ్ భాష మాట్లాడే) ఊళ్లలో ఆలస్యంగా. కాన్పులు తగ్గించుకునే సంగతులు ఎవరూ చాటింపు వేయరు, ఇరుగుపొరుగు చెవిలో చెప్పుకోవాల్సిందే. ఆ గుసగుస భాష దాటడం కష్టం. (భాషలో మహిమేమీ లేదు, అది దారి మాత్రమే.)

ప్రశ్నలపుట్ట:
మరి కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యాథలిక్కుల రాష్ట్రం క్యూబెక్ సంగతి? 1950ల చివర్లో దాదాపు 4 ఉన్నది 1970 నాటికి 2 దగ్గరికి పడింది. భాష అదే, మతం అదే.

నిదానం:
మతం పేరు అదే, చర్చి పట్టు సడలింది. 1960 తర్వాత బళ్లు, ఆసుపత్రులు చర్చి చేతుల్లోంచి ప్రభుత్వానికి వెళ్లాయి. జనగణన గడిలో రాసిన మతాన్ని చూస్తే ఈ మార్పు కనపడదు. ఇరాన్‌లో మతపెద్దల ప్రభుత్వమే 1989లో కుటుంబ నియంత్రణను మళ్లీ మొదలుపెట్టింది. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు, పెళ్లికి ముందు జంటలకు తప్పనిసరి క్లాసులు. 1980ల మధ్యలో 6 ఉన్న సగటు 2000 నాటికి 2 దరిదాపులకొచ్చింది, పల్లెల్లోనూ పడిపోయింది. మతం ఎటు నెడుతుందన్నది దాన్ని నడిపేవాళ్లను బట్టి ఉంటుంది.

లెక్కలపిచ్చి:
ఒప్పుకుంటా. కానీ హరేదీల సంగతి తేలలేదు. బళ్లు, వాడలు, పెళ్లి సంబంధాలు అన్నీ వాళ్లలో వాళ్లకే. మీరన్న గుసగుస ఆ గోడ దాటి లోపలికి రాదు. అందుకే పట్నమంతటినీ ఒకే గాటన కట్టకూడదంటాను.

ప్రశ్నలపుట్ట:
హరేదీ ఆడవాళ్లలో చాలామంది ఉద్యోగాలకు వెళ్తారు కదండీ. రోజూ గోడ దాటే మనిషికి గుసగుస వినపడదా?