దేశభద్రత పేరుతో ముఖాలు పోల్చే ఏఐ: హద్దు ఉండాలా, వద్దా?

పటమట వాసి:
మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి క్యూలో తలెత్తితే కెమెరానే. 2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 17(2) చూశాను. దేశభద్రత, శాంతిభద్రతల కోసం కేంద్రం నోటిఫై చేసిన సంస్థలకి ఆ చట్టం వర్తించదట. ఇదేం న్యాయం?

రిటైర్డ్ హవల్దార్:
న్యాయమే. ఉగ్రవాది చెప్పి రాడు. లక్షల జనంలో కానిస్టేబుల్ కళ్ళు ఎంతకని వెతుకుతాయి? యూరప్ 2024లో తెచ్చిన ఏఐ చట్టం కూడా సైన్యాన్ని, దేశభద్రతను ముట్టుకోలేదు.

గుంటూరు లాయరమ్మ:
హవల్దార్ గారూ, అదే చట్టం పోలీసులు నడివీధిలో అప్పటికప్పుడు ముఖాలు పోల్చడాన్ని నిషేధించి, కొన్ని తీవ్రమైన సందర్భాల్లోనే, ముందస్తు అనుమతితో ఒప్పుకుంది. మనకి 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మంది గోప్యత ప్రాథమిక హక్కన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, అవసరానికి మించకూడదు. మిషన్ తప్పు చూపిస్తే ఎవరు జవాబుదారో 17(2)లో ఒక్క ముక్క లేదు.

రిటైర్డ్ హవల్దార్:
17(2) నోటిఫై చేసిన సంస్థలకే కదమ్మా. మధ్యలో పోలీసుల్ని ఎందుకు లాగుతారు?

గుంటూరు లాయరమ్మ:
నేరాల నివారణ, దర్యాప్తులకి 17(1)లో వేరే మినహాయింపు ఉందండీ.

సింగ్‌నగర్:
2024 వరదల్లో డ్రోన్లు మా డాబాల మీదకి తిండి తెచ్చాయి. టెక్నాలజీని తిట్టకండి.

పటమట వాసి:
తిండి పొట్లం పక్క డాబా మీద పడితే పక్కింటోళ్ళు తింటారు. ముఖం తప్పు పడితే? మా తమ్ముణ్ణి నిరుడు ఒక ఊరి బస్టాండులో పోలీసులు ఆపారు. వాళ్ళ ట్యాబ్‌లో ఫొటో ఉన్నవాడికి ఎడమ కనుబొమ మీద గాటు ఉంది. మావాడు జుట్టు పైకెత్తి, గాటు లేదు చూడండి సార్ అన్నాడు. అయినా నాలుగు గంటలు కూర్చోబెట్టారు. చెల్లి నిశ్చితార్థం అయిపోయాక ఇల్లు చేరాడు. ఎందుకు ఆపారో రాసిమ్మంటే, సిస్టమ్ చూపించింది పో అన్నారు.

రిటైర్డ్ హవల్దార్:
నాలుగు గంటలేగా! సరిహద్దులో ఒక రాత్రి మావాడొకడు అనుమానం వచ్చినా వదిలేశాడు. తెల్లారేసరికి ఇద్దరు జవాన్లు పోయారు. ఒకడు నా పక్క మంచం వాడు.

గుంటూరు లాయరమ్మ:
ఆ బాధ నాకు తెలియదు, ఒప్పుకుంటాను. వదిలేసినాయన్ని విచారించారా?

రిటైర్డ్ హవల్దార్:
విచారించారు. నేనే సాక్ష్యం చెప్పాను.

పటమట వాసి:
మా తమ్ముడి విషయంలో విచారించడానికి మనిషే లేడు సార్. మిషన్ చూపించినా, ఆపినాయన పేరు రాసి సంతకం పెట్టాలి. నేనడిగేది అదే.

రిటైర్డ్ హవల్దార్:
సంతకం అంటే భయపడి ఎవడూ ఎవర్నీ ఆపడు బాబూ. అదీ నా టెన్షన్. రేపు ప్రకాశం బ్యారేజీ మీద ఏదైనా జరిగితే ఎందుకు ఆపలేదని మీరే అడుగుతారు.

పటమట వాసి:
అడుగుతాను. ఎవర్ని అడగాలో తెలియాలిగా.