ఫాక్స్‌ప్రో నుంచి ఎటు వెళ్లాలి? విశాఖలో ఈ పని చేసినవాళ్లు చెప్పండి

విశాఖ పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు. బిల్లింగ్ అంతా విజువల్ ఫాక్స్‌ప్రో 9లోనే (మైక్రోసాఫ్ట్ వారి పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్), 14 మంది యూజర్లు. మైక్రోసాఫ్ట్ సపోర్టు 2015 జనవరిలోనే ఆగింది, అయినా సాఫ్ట్‌వేర్ మొండిగా నడుస్తోంది. అసలు చిక్కు సైజుది: లావాదేవీల డీబీఎఫ్ ఫైలు (ఫాక్స్‌ప్రో టేబుల్ ఉండే ఫైలు) 1.7 జీబీ అయింది, పరిమితి 2 జీబీ. పాత సంవత్సరాలు వేరే టేబుల్లోకి తీసి ప్యాక్ (డిలీట్ చేసిన రికార్డులను ఫైల్లోంచి పూర్తిగా తీసేసే కమాండ్) కొడితే కొన్నాళ్లు గట్టెక్కొచ్చు, అంతే.

పోస్ట్‌గ్రెస్‌కి (ఉచిత డేటాబేస్ సర్వర్) డేటా మార్చి ట్రయల్ వేస్తే ఖాళీ తేదీల దగ్గరే లోడ్ ఆగింది; వాటిని నల్‌గా (విలువ లేదు అని) మార్చాల్సి వచ్చింది. అసలు దెబ్బ డిలీటైన రికార్డులది. ప్యాక్ చేసేదాకా అవి ఫైల్లోనే ఉంటాయి కదా, ఎక్స్‌పోర్ట్ టూల్ వాటినీ మోసుకొచ్చింది. జీఎస్టీ మొత్తాలు తేలలేదు. పార్టీ కోడ్‌ల చివరి స్పేస్‌లు కత్తిరించాక గానీ టేబుళ్లను కలిపే జాయిన్‌లు కుదరలేదు.

ఇప్పుడు డేటా మాత్రం పోస్ట్‌గ్రెస్‌కి మార్చి, పాత స్క్రీన్లను ఓడీబీసీతో (వేరే డేటాబేస్‌కి కలిపే డ్రైవర్) నడపడం మేలా, లేక సీ షార్ప్ భాషలో మొత్తం తిరగరాయడమా? మొదటిదే సేఫ్ అనిపిస్తోంది. కానీ బ్రౌజ్ (టేబుల్ చూపేది), సీక్ (ఇండెక్స్‌తో రికార్డు వెతికేది) కమాండ్ల మీద నిలబడ్డ కోడ్ నెట్‌వర్క్‌లో ఎంత నెమ్మదిస్తుంది?

ఇంకోటి: ఇరవై ఏళ్లు ఫాక్స్‌ప్రోనే రాసిన ప్రోగ్రామర్‌కి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లను అడిగే భాష), డేటా మైగ్రేషన్ నేర్చుకుంటే ఇక్కడ పని దొరుకుతుందా, హైదరాబాద్ వెళ్లక తప్పదా?