కాగ్ చూడాలా, గ్రామసభ చూడాలా? మన తాలూకా ఖర్చుల మీద చర్చ

ప్రాణహిత గట్టు, సిరొంచ

సూటిగా అడుగుతాను. కాళేశ్వరం మీద కాగ్ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) రిపోర్టును 2024 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీలో పెట్టారు. 81,911 కోట్లతో అయిపోతుందన్న ప్రాజెక్టు 1,47,427 కోట్లు దాటేలా ఉందని, పెట్టిన రూపాయికి వచ్చే ప్రయోజనం 52 పైసలేనని అందులో తేల్చారు. మంచిదే. కానీ అందులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగింది 2023 అక్టోబరు 21న. రిబ్బన్ కత్తిరించింది 2019 జూన్‌లో. ఆ రోజు మన మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఫడ్నవీస్ కూడా వచ్చారు. డబ్బంతా ఖర్చయి, పిల్లర్లు కుంగి, చేలు మునిగాక లెక్క బయటికొస్తే ఎవరికి ఉపయోగం?

మనకు ఇంకో తిప్పలు కూడా ఉంది. బ్యారేజీకి ఆ ఒడ్డు మహదేవ్‌పూర్, ఈ ఒడ్డు మన తాలూకా. నీళ్లు ఎగదన్నితే మునిగేవాటిలో మన చేలూ ఉంటాయి. సాత్‌బారాలో, అంటే పొలం రికార్డులో, పేరు మనది. రిపోర్టు మీద మాట్లాడేది మాత్రం మనం ఓటెయ్యని అసెంబ్లీ.

అందుకే పైనుంచి వచ్చే ఆడిట్ల మీద ఆశ పెట్టుకోవడం దండగ అంటున్నా. మనది షెడ్యూల్డ్ ఏరియా. ఇలాంటి ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టంలో 4(ఎఫ్) క్లాజు చూడండి. పంచాయతీ ఖర్చు పెట్టిన నిధులకు వినియోగ సర్టిఫికెట్ గ్రామసభ దగ్గర తీసుకోవాలి. ఆ హక్కు చేతిలో పెట్టుకుని ఢిల్లీ వైపు చూడటం ఎందుకు? ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

పాత ఆడిటర్, బల్లార్షా

నేను ఒప్పుకోను. ఉద్యోగమంతా వోచర్ల మధ్యే గడిచింది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

ఖర్చును ఆపడం కాగ్ పని కాదు. అయిన ఖర్చు సరిగ్గా అయిందా లేదా అని చూసి చెప్పడం దాని పని. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం రాష్ట్ర రిపోర్టు గవర్నర్‌కి వెళ్తుంది, ఆయన శాసనసభ ముందు పెట్టిస్తారు. ఎన్ని రోజుల్లో పెట్టాలన్నది మాత్రం అందులో రాయలేదు. ప్రభుత్వానికి మింగుడుపడని రిపోర్టు బీరువాలో పడి ఉండటానికి సందు అక్కడే దొరుకుతుంది. ఆ తప్పు ఆడిట్ మీద వేయకండి.

మీరు చెప్పిన 52 పైసల లెక్కనే తీసుకుందాం. ఏ గ్రామసభ వేయగలదు ఆ లెక్క? నీళ్లు ఎత్తిపోయడానికి కరెంటు ఎంత, అప్పుల మీద వడ్డీ ఎంత, ఆయకట్టు ఎంత చూపించారు, ఎంత వస్తుంది అన్నీ తీయాలి. మన వైపు గోసీఖుర్ద్ సాగునీటి ప్రాజెక్టు సంగతి అందరికీ తెలిసిందే. 372 కోట్లని మొదలుపెట్టిన అంచనా 18 వేల కోట్లు దాటింది. డిజైన్ మార్పులు, టెండర్లు, కాంట్రాక్టర్‌కి ముందే ఇచ్చిన అడ్వాన్సులు, వీటి ఫైళ్లు నాగపూర్‌లో, ముంబైలో ఉంటాయి. గ్రామసభ ఉత్తరం రాస్తే పంపిస్తారా? 1971 కాగ్ చట్టం కింద ఏ ఆఫీసు నుంచైనా రికార్డు తెప్పించుకునే అధికారం కాగ్‌కి ఉంది. అదీ తేడా.

మిర్చి చేను, సిరొంచ తాలూకా

సారు చెప్పింది పెద్ద ప్రాజెక్టులకు సరే. మాలాంటి ఊళ్లలో డబ్బు పోయేది చిన్న పనుల్లో.

ఊరి పేరు రాయను. సంక్రాంతి దాటాక మా వాడలో చాలా ఇళ్లకు తాళాలే. మిర్చి ఏరడానికి ఖమ్మం, వరంగల్ వైపు పోతారు, పనైపోయాకే ఇంటికి. ఒకసారి సోషల్ ఆడిట్ వాళ్లు, అంటే ఊరి ముందే లెక్కలు చదివి సరిచూసేవాళ్లు, వచ్చి ఉపాధి పని మస్టర్ (హాజరు పట్టీ) చదివారు. చెరువు పూడిక పని. పేరు, రోజులు, కూలి, వరసగా చదువుకుంటూ పోతున్నారు. ఒక పేరు దగ్గర ఆగి, ‘ఈమె వచ్చిందా పనికి?’ అనడిగారు. వెనక కూర్చున్న ఆమే లేచింది. ‘ఆ వారమంతా నేను ఏన్కూరు దిక్కు మిర్చి చేన్ల ఉన్న. రైతు రాసిచ్చిన చిట్టీ ఇంట్ల ఉంది’ అంది. పోయి తెచ్చింది కూడా. నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం, పసుపు డబ్బాలో దాచిందేమో అంచులు పచ్చగా ఉన్నాయి. ఏ రోజు ఎన్ని కిలోలు ఏరిందో, ఎంత ముట్టిందో తేదీలతో సహా ఉంది.

ఇప్పుడు చెప్పండి. ఏ పెద్ద ఆడిటర్ వచ్చినా ఆ మస్టర్ చూసి సంతకాలు ఉన్నాయి, కూడిక సరిపోయింది అనే రాసేవాడు. సరిపోయింది మరి! తప్పు కాగితంలో లేదు. ఆమె ఆ రోజు ఎక్కడుందన్నది ఊరికే తెలుసు.

2023 జనవరి నుంచి యాప్‌లో ఫొటో హాజరు తప్పనిసరి చేసి, ఇక దొంగ మస్టర్లు ఉండవన్నారు. ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది.

అహేరి టీచరమ్మ

తమ్ముడూ, నువ్వు చెప్పింది సభ జరిగిన ఊరి కథ. సభ జరగని ఊళ్లు నేను చూశాను. రిజిస్టర్ ఇల్లిల్లూ తిరుగుతుంది. ‘అక్కా, ఇక్కడొక సంతకం’ అంటారు. దేనికని అడిగితే ఇంటి పథకానికి అంటారు. పైన తీర్మానం రాయాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది, తర్వాత నింపుకుంటారు. ప్రాణహిత గట్టు అన్న గొప్పగా చెప్పిన 4(ఎఫ్) సర్టిఫికెట్ కూడా ఇలాగే పుడుతుంది. చాలా ఊళ్లలో కాంట్రాక్టర్ అంటే సర్పంచ్ బావమరిదో, సర్పంచ్ భర్తో. వాళ్ల ట్రాక్టర్ అద్దెకు తీసుకోవాలి, వాళ్ల కొట్లో ఉద్దెర పెట్టాలి. వాళ్ల ముందు లేచి ‘ఈ మోరీలో సిమెంట్ ఏది?’ అని అడగడం ఈ వేదికలో రాసినంత తేలిక కాదు.

ఆ మిర్చి ఏరిన ఆమె లేచి మాట్లాడింది కదా. అడిగినవాడు ఊరివాడు కాకపోబట్టే మాట్లాడింది. అదే ప్రశ్న ఊళ్లో ఉపాధి పనులు చూసే మన రోజ్‌గార్ సేవక్ అడిగుంటే చిట్టీ డబ్బాలోనే ఉండేది.

గుణుపురం అబ్బాయి, రాయగడ జిల్లా

ఒడిశా వైపు నుంచి ఒక మాట. టీచర్ గారు చెప్పినదాన్ని రూల్లోనే పెట్టారు. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సోషల్ ఆడిట్ హక్కును గ్రామసభకు ఇచ్చింది. దాని కింద 2011లో కాగ్‌తో సంప్రదించి నిబంధనలు రాశారు. పని చేయించే శాఖకు సంబంధం లేని యూనిట్ ఉండాలి, ఆడిట్‌కి వచ్చే రిసోర్స్ పర్సన్ అదే పంచాయతీ వాడు కాకూడదు. అంటే అడిగేవాడు బయటివాడు, చెప్పేది ఊరు. మీరిద్దరూ కొట్లాడుకుంటున్న రెండూ అందులో ఉన్నాయి.

నా బాధ వేరే. గనుల జిల్లాలకు 2015 నుంచి డీఎంఎఫ్ (జిల్లా మినరల్ ఫౌండేషన్) డబ్బు వస్తోంది. పాత లీజులైతే రాయల్టీ మీద 30 శాతం, వేలంలో ఇచ్చినవైతే 10 శాతం. మీకు సూర్జాగఢ్ ఇనుము, చంద్రపూర్ బొగ్గు. మా వైపు బాక్సైట్. 2015 మార్గదర్శకాల ప్రకారం ఆ ఖాతాలను ఏటా ఆడిట్ చేసేది ఫౌండేషనే నియమించుకునే చార్టర్డ్ అకౌంటెంట్. ఖర్చు పెట్టేదీ వాళ్లే, చూసేవాడికి ఫీజు ఇచ్చేదీ వాళ్లే. పెళ్లికొడుకే పురోహితుడైతే ముహూర్తం తప్పుందని ఎవడు చెప్తాడు?

ఇక గ్రామసభ బలం గురించి. 2013లో సుప్రీంకోర్టు చెప్తే నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ గని వద్దన్నాయి. ఎంత ఒత్తిడి ఉందో మాకు తెలుసు. అయినా ఒక్క ఊరు తప్పలేదు.

పాత ఆడిటర్, బల్లార్షా

నియమగిరి వేరే సంగతి అబ్బాయ్. అక్కడ సభ జిల్లా జడ్జి సమక్షంలో జరిగింది, దేశమంతా చూస్తోంది, అడిగింది కొండ ఉండాలా పోవాలా అని. మన వాడలో రెండు లక్షల మోరీ గురించి కూర్చునే సభకు జడ్జి రాడు, గ్రామసేవక్ వస్తే గొప్ప.

డీఎంఎఫ్ మీద మాత్రం నీతో నూరు పాళ్లు ఏకీభవిస్తాను.

పక్కింటి కుర్రాడు

ఇప్పుడున్న కాగ్ సంజయ్ మూర్తి గారు మన తెలుగాయనే కదా? వాళ్ల నాన్న అమలాపురం ఎంపీగా చేశారు. తెలుగులో ఒక ఉత్తరం కొడితే పోలా 😄

పాత ఆడిటర్, బల్లార్షా

కొట్టు బాబూ. జవాబొస్తే మాకూ చెప్పు.

ఎగతాళి పక్కన పెడితే, స్వతంత్రం అంటున్నాం కదా, అది ఎక్కడుంది, ఎక్కడ లేదు అన్నది ఇక్కడే చూడాలి. కాగ్‌ని ఎంపిక చేసేది ప్రభుత్వమే, ప్రతిపక్షం కూర్చునే కమిటీ ఏదీ లేదు. ఆ పద్ధతి మీద వేసిన పిటిషన్‌పై 2025లో సుప్రీంకోర్టు నోటీసు కూడా ఇచ్చింది. కానీ ఒకసారి కుర్చీలో కూర్చున్నాక సుప్రీంకోర్టు జడ్జిని తీసే పద్ధతిలో తప్ప తీయలేరు. దిగిపోయాక ప్రభుత్వంలో ఇంకో ఉద్యోగం చేయకూడదు. భయమూ ఆశా రెండూ కొంతవరకు తీసేశారు.

కిందికి రండి. మన జిల్లా పరిషత్, పంచాయతీల లెక్కలు మొదట చూసేది లోకల్ ఫండ్ ఆడిట్. వాళ్లు రాష్ట్ర ఆర్థిక శాఖ కింద ఉద్యోగులు. బదిలీ, ప్రమోషన్ అన్నీ అక్కడే. మంచివాళ్లు లేరని కాదు, నాకు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక అభ్యంతరం రాసి మూడేళ్లు దాని వెంట పడ్డవాళ్లున్నారు. కానీ పట్టుబట్టినవాడిని కాపాడే గోడ ఏదీ లేదు. అరుస్తున్నది కాగ్ మీద, కొట్లాడాల్సింది ఇక్కడ.

ప్రాణహిత గట్టు, సిరొంచ

సారూ, టీచరక్కా, బయటివాడు అడగాలన్నది సరే అనుకుందాం. అడిగాడు, ఊరు చెప్పింది, దొంగ మస్టర్ దొరికింది. ఆ తర్వాత? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సోషల్ ఆడిట్లు చేశారు. 2009లో దానికోసం ప్రత్యేకంగా సంస్థే పెట్టారు. దేశం మొత్తం వచ్చి చూసి నేర్చుకుంది. పట్టుకున్న సొమ్ములో తిరిగి వసూలైంది ఎంత? చాలా తక్కువ. పట్టుకున్నవాడికి వసూలు చేసే అధికారం లేదు. వసూలు చేయాల్సిన ఆఫీసరు, ఆ బిల్లు మీద సంతకం పెట్టిన ఆఫీసరు ఒకే వరండాలో కూర్చుంటారు.

పైనా అంతే. కాగ్ రాసిన పేరాకు ప్రభుత్వం ఫలానా తేదీలోగా జవాబివ్వకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. శాసనసభ ప్రజా పద్దుల కమిటీ (పీఏసీ) పిలిస్తే సెక్రటరీ వచ్చి వివరణ ఇస్తాడు. అప్పటికి ఆ సీట్లో ఉన్నవాడు వేరేవాడు. అందుకే నేను గ్రామసభ సర్టిఫికెట్ పట్టుకుని వేలాడుతున్నాను. మిగతావన్నీ ఖర్చయ్యాక రాసే రిపోర్టులు. సంతకం పెట్టకపోతే వాళ్లు మన గడప దగ్గరికి రావాల్సిన కాగితం ఇదొక్కటే.

మిర్చి చేను, సిరొంచ తాలూకా

ఆ చిట్టీ తెచ్చినామె పేరు మీద ఎత్తిన డబ్బు తిరిగి వచ్చిందా అని ఎవరూ అడగలేదు. రాలేదు. రోజ్‌గార్ సేవక్‌ని పక్క ఊరికి మార్చారు. ఆ ఊరి వాళ్లకు చెప్పాలా వద్దా అని మా వాడలో ఇప్పటికీ తగువే.

అహేరి టీచరమ్మ

చెప్పకపోతే ఎట్లా? చెప్పండి ముందు.

అన్నా, ‘సంతకం పెట్టం’ అనాలంటే ఏం చూసి పెట్టలేదో చెప్పగలగాలి. లేకపోతే రాజకీయం అంటారు. మన రాష్ట్రంలో పెసా ఊళ్లకు ఆదివాసీ ఉపయోజన నిధుల్లో 5 శాతం ‘అబంధ్ నిధి’ (షరతుల్లేని నిధి) నేరుగా వస్తుంది. మొదట దాన్ని పట్టుకుందాం. ఆగస్టు 15 సభ ఎలాగూ పెట్టాలి. అంతకు నెల ముందే సమాచార హక్కు కింద ఎం.బీ. (పని కొలతల పుస్తకం), బిల్లులు అడగాలి. మన రాష్ట్ర రూల్స్‌లో దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం ఉండాలి. కాబట్టి ఒక్కో పనికి ఒక్కో దరఖాస్తు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చట్టం 2(జె)లో పనిని వెళ్లి చూసే హక్కు, వాడిన సామాను శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఉన్నాయి.

పాత ఆడిటర్, బల్లార్షా

ఎం.బీ. చదవడం నేను నేర్పిస్తాను. పొడవు, వెడల్పు, మందం, మూడు గడులే. మందం దగ్గరే అందరూ దొరుకుతారు. టేపు తెచ్చుకోండి. రికార్డు మరాఠీలో ఉంటుంది కాబట్టి సభలో పెద్దవాళ్లకు తెలుగులోనో గోండిలోనో చదివి చెప్పే మనిషిని చూసుకోండి. ఆగస్టులో ఆ వాగులు దాటి సిరొంచ రావడం నావల్ల కాదు, జూన్‌లో పెట్టుకుందాం.

అయినా నా మాట మారలేదు. మీరు మోరీ మందం కొలుస్తారు. ఆ మోరీ అక్కడ అవసరమా, ఒకే మోరీకి రెండు పద్దుల్లో డబ్బు తీశారా అన్నది జిల్లా ఖాతాలు చూసినవాడికే తెలుస్తుంది.

ప్రాణహిత గట్టు, సిరొంచ

రెండు పద్దుల సంగతి మీరు చూడండి సారూ, కాదన్నదెవరు. జూన్ మొదటి ఆదివారం అనుకుందామా?

అహేరి టీచరమ్మ

నాకు సరే. అప్పటికి బళ్లు కూడా తెరవరు. ఒక్క షరతు: ఆ రోజు వచ్చేవాళ్లు ఎవరూ ఖాళీ రిజిస్టర్ మీద సంతకం పెట్టొద్దు. మీ సర్పంచ్ వచ్చి అడిగినా సరే, అన్నా.