పెరట్లో ఆకు కదలనప్పుడు కొండ మీద గాలిమర ఎలా తిరుగుతోంది?

ప్రశ్న:
మాది రామగిరి ప్రాంతం. ఈ ఆషాఢంలో చీకటి పడ్డాక మా పెరట్లో వేపాకు కూడా కదలడం లేదు. పొయ్యి పొగ నిట్టనిలువుగా లేచి, చెట్టు కొన దాటగానే తూర్పుకు వంగి, గీత గీసినట్టు సాగిపోతోంది. అదే వేళ కొండ మీది గాలిమరలు ఆగకుండా తిరుగుతున్నాయి. మధ్యాహ్నం మాత్రం కింద కూడా దుమ్ము లేచేటంత గాలి ఉంటోంది. దీనికి కొండ ఎత్తు ఒక్కటే కారణమా? పొలంలో నేను పెట్టదలచిన చిన్న గాలిమరకు 10 మీటర్ల స్తంభం సరిపోతుందా?

మొదటి సమాధానం:
కొండ ఎత్తు ఒక్కటే కాదండి. నేలను ఆనుకుని వీచే గాలిని గడ్డి, చెట్లు, ఇళ్లు నిలువరిస్తాయి. అలా నెమ్మదించిన పొర తన పైపొరను, అది ఆ పైదాన్ని వెనక్కి లాగుతాయి. పై వేగం కిందికి చేరాలంటే గాలిలో సుడులు ఉండాలి. పగలు ఎండకు వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తూ, పైనున్న వేగమైన గాలి కిందికి దిగుతూ ఉంటుంది కనుక మీకు మధ్యాహ్నం దుమ్ము లేస్తోంది. పొద్దు గుంకాక నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న గాలి బరువెక్కి కిందే పేరుకుంటుంది, సుడులు అణగిపోతాయి. అప్పుడు కింది గాలికి పైనుంచి ఊతం అందదు, పై గాలికి కింది నుంచి అడ్డు తగ్గుతుంది. అందుకే కొన్ని వందల మీటర్ల ఎత్తున రాత్రి గాలి పగటికంటే వేగంగా వీచడం తరచుగా జరుగుతుంది. పొగ వంగిన చోట మీరు చూసింది ఈ తేడానే.

రెండవ సమాధానం:
వాతావరణ కేంద్రాల్లో గాలివేగాన్ని 10 మీటర్ల ఎత్తున కొలవడం ప్రమాణం. చదునైన బయలులో, ఎత్తుల నిష్పత్తికి 1/7 ఘాతం తీసుకుని (ఎత్తుతో పాటు గాలివేగం ఎంత త్వరగా పెరుగుతుందో ఈ ఘాతం చెబుతుంది) లెక్క వేస్తే, 10 మీటర్ల వద్ద సెకనుకు 4 మీటర్లున్న గాలి 100 మీటర్ల వద్ద దాదాపు 5.6 మీటర్లవుతుంది. గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది కనుక అది 2.7 రెట్లు పెరిగినట్టు. అయితే ఈ లెక్కను రాత్రివేళకు గానీ, కొండ కొమ్ముకు గానీ వాడవద్దని నా మనవి. రాత్రి ఆ ఘాతం బాగా పెరుగుతుంది. కొమ్ము మీదనైతే వాలు ఎక్కివచ్చే గాలి ఒత్తుకుని నేల దగ్గరే వేగం పుంజుకుంటుంది. మీ స్తంభం విషయానికొస్తే, చుట్టూ 150 మీటర్లలో ఉన్న చెట్ల కొనలకంటే గాలిమర రెక్కల అడుగు అంచు కనీసం 9 మీటర్లు పైన ఉండాలి. మీ వేపచెట్టు ఆ పరిధిలోకి వస్తే 10 మీటర్ల స్తంభం చాలదు.