సైనిక రికార్డుల సవరణ ఫైళ్లు: మన కింద పనిచేసే న్యాయవాది రాసిన అభిప్రాయాన్ని ఎంతవరకు దిద్దాలి?

ప్రశ్న: పోటోమాక్ ఒడ్డున

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక సైనిక విభాగపు రికార్డుల సవరణ బోర్డుకు న్యాయ సలహా ఇచ్చే కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఏ విభాగమో చెప్పను, ఏ ఫైలు వివరాలూ ఇక్కడ పెట్టను. పదకొండేళ్లపాటు ఫైళ్లు చదివి అభిప్రాయాలు రాసిన నాకు ఈ మధ్యే ఆరుగురు న్యాయవాదుల పనిని పర్యవేక్షించే బాధ్యత అప్పగించారు. రాయడం వచ్చినంత మాత్రాన రాయించడం రాదని మొదటి నెలలోనే అర్థమైంది.

ఈ రంగం పరిచయం లేనివారి కోసం కొంత నేపథ్యం. 1946కు ముందు తన డిశ్చార్జి (సర్వీసు నుంచి విడుదల చేసిన తీరు) తప్పని భావించిన సైనికుడికి కాంగ్రెస్ సభ్యుడిని పట్టుకుని, తన ఒక్కడి కోసం ఒక ప్రైవేటు బిల్లు పెట్టించుకోవడమే చాలాసార్లు దారిగా ఉండేది. ఆ ఏడాది కాంగ్రెస్ ఆ భారాన్ని దించుకుని సైనిక శాఖలకు అప్పగించింది. ఇప్పుడు అమెరికా చట్టసంహిత పదో టైటిల్‌లోని 1552 సెక్షన్ ప్రకారం శాఖ కార్యదర్శి, పౌర ఉద్యోగులతో కూడిన బోర్డు ద్వారా, తప్పును సరిదిద్దడానికి గానీ అన్యాయాన్ని తొలగించడానికి గానీ రికార్డును మార్చవచ్చు. నా చిక్కంతా ఆ "తప్పు", "అన్యాయం" అనే రెండు మాటల మధ్యనే ఉంది.

మా దగ్గర ఒక సీనియర్ న్యాయవాది ఉన్నారు. ఆయన అభిప్రాయం రెండు పేరాలకు మించదు: అప్పటి నిబంధన ఇది, నోటీసు ఇచ్చారు, సంతకం ఉంది, కాబట్టి చట్టపరమైన లోపం లేదు. అన్యాయం గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. అడిగితే, అది బోర్డు చూసుకోవలసిన విషయమనీ న్యాయవాది పని కాదనీ అంటారు. ఇంకొక యువ న్యాయవాది ఎనిమిది పేజీలు రాసి, బోర్డు తీర్పును కూడా దాదాపు తానే రాసేస్తారు. దరఖాస్తుల్లో తొంభై శాతం పది నెలల్లో తేలాలనీ, ఏదీ పద్దెనిమిది నెలలు దాటకూడదనీ చట్టమే గడువు పెట్టింది కనుక అన్నింటినీ నేనే తిరగరాయలేను. రాస్తే అది నా అభిప్రాయం అవుతుంది గానీ వారిది కాదు. అనుభవజ్ఞులు మీ పద్ధతి చెప్పగలరా?

జవాబు 1: విశ్రాంత పర్యవేక్షకుడు

మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. అన్నింటికన్నా ముందు ఒక అలవాటు మార్చుకోండి: డ్రాఫ్టును ముందుగా చదవకండి. దరఖాస్తుదారు నింపిన డీడీ ఫారం 149ను, దానికి జతచేసిన ఉత్తరాన్ని, ఆ తర్వాత సర్వీసు రికార్డును చదివి, ఆపైన డ్రాఫ్టు తెరవండి. డ్రాఫ్టుతో మొదలుపెడితే ఆ న్యాయవాది కళ్లతోనే ఫైలు చూస్తారు, ఆయన వదిలేసినది మీకూ కనబడదు. అన్ని ఫైళ్లకూ ఇది సాధ్యం కాదు కాబట్టి, నేను మానసిక గాయం లేదా లైంగిక దాడి ప్రస్తావన ఉండి తిరస్కరణ వైపు మొగ్గిన ఫైళ్లను ఏరుకునేవాడిని.

మీ సీనియర్ చెప్పినదాంట్లో సగం నిజముంది. నిర్ణయం బోర్డుదే. అయితే బోర్డు సభ్యులు ఇతర ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చి కూర్చునే పౌర అధికారులు. న్యాయవాది "లోపం లేదు" అని ఆపేస్తే వారికి అది "తిరస్కరించండి" అన్నట్టే వినిపిస్తుంది. స్వలింగ సంపర్కులను సైన్యం నుంచి తొలగించిన "అడగొద్దు, చెప్పొద్దు" విధానం నాటి ఫైళ్లను ఆయన ముందు పెట్టండి. ఆనాటి చట్టం ప్రకారం నోటీసు సరిగానే ఉంది, విచారణ సరిగానే జరిగింది, ఎక్కడా తప్పు దొరకదు. అయినా 2011 సెప్టెంబరులో ఆ విధానం రద్దయ్యాక, ఆ ఒక్క కారణం మీదే తొలగించినవారి విషయంలో, తీవ్రతను పెంచే ఇతర అంశాలు లేకపోతే, మామూలుగా సవరణ ఇవ్వాలని రక్షణ శాఖే చెప్పింది. తప్పు లేకుండా అన్యాయం ఎలా ఉంటుందని అడిగే న్యాయవాదికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ నాకు తెలియదు.

మానసిక గాయం ఉన్న కేసులకు 2017 ఆగస్టు 25న రక్షణ శాఖ ఈ బోర్డులకు ఇచ్చిన మార్గదర్శకం, కర్టా మెమోలోని నాలుగు ప్రశ్నలు వాడండి. డిశ్చార్జికి దారితీసిన ప్రవర్తనను మన్నించదగినదిగా చేసే లేదా దాని తీవ్రతను తగ్గించే పరిస్థితి ఏదైనా ఉందా, అది సర్వీసు కాలంలోనే ఉందా, అది నిజంగా ఆ ప్రవర్తన తీవ్రతను తగ్గిస్తుందా, చివరికి డిశ్చార్జి కన్నా దాని బరువు ఎక్కువా? తొందరలో ఉన్న న్యాయవాదులు రెండో ప్రశ్న నుంచి నాలుగో ప్రశ్నకు గెంతేస్తారని నా అనుభవం. "పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత మిగిలే మానసిక రుగ్మత) ఉంది, కానీ నేరం తీవ్రమైనది" అని రాసిన వాక్యం కనబడితే, మూడో ప్రశ్నకు సమాధానం ఎక్కడుందని అంచున రాసి వెనక్కి పంపండి. మీరు పూరించకండి. వాక్యాలు దిద్దితే ఆ ఫైలు ఒక్కటే బాగుపడుతుంది. వదిలేసిన ప్రశ్న చూపిస్తే తర్వాతి ఫైలులో ఆయనే దానికి సమాధానం రాస్తారు.

మీకూ ఆ సీనియర్‌కూ మధ్య నిజంగానే వాదించదగిన భేదాభిప్రాయం మిగిలితే, అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 5.1, 5.2 కలిపి చదవండి. వృత్తిధర్మానికి సంబంధించిన అలాంటి ప్రశ్న మీద పర్యవేక్షకుడు సహేతుకంగా తేల్చిన నిర్ణయాన్ని అనుసరిస్తే కింది న్యాయవాదికి దోషం అంటదు. అంటే బాధ్యత మీ మీదికి వస్తుంది. అందుకే మీ నిర్ణయాన్ని మీ పేరుతో విడి నోటుగా ఫైలులో పెట్టండి. ఆయన అభిప్రాయం లోపల కలిపి దాచవద్దు.

జవాబు 2: దరఖాస్తుదారుల వైపు నుంచి

నేను బల్లకు అవతలి వైపు కూర్చునేదాన్ని, కాబట్టి కాస్త నిష్ఠూరంగా మాట్లాడితే మన్నించండి.

ఈ బోర్డుల నిర్ణయాలను కోర్టులు అంత సులభంగా కదిలించవు. 1989 నాటి క్రీస్ తీర్పులో డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా (వాషింగ్టన్) సర్క్యూట్ అప్పీలు కోర్టు, సైనిక శాఖ కార్యదర్శికి మామూలు ప్రభుత్వ సంస్థలకన్నా ఎక్కువ మన్నన దక్కుతుందని, అంటే ఆ నిర్ణయాల్లో కోర్టు ఇంకా తక్కువగా జోక్యం చేసుకుంటుందని చెప్పింది. దీన్ని రక్షణ కవచంగా భావించే ప్రభుత్వ న్యాయవాదులను చూశాను. నాకు మాత్రం దాని అర్థం తలకిందులుగా కనబడుతుంది: పైన కోర్టు లోతుగా చూడదు కాబట్టి, ఆ ఫైలును నిజంగా శ్రద్ధగా చదివే చివరి మనిషి మీ కార్యాలయంలోనే ఉండాలి. అదే కోర్టు 1997లో ఫ్రిజెల్ కేసులో, దరఖాస్తుదారు లేవనెత్తిన, కొట్టిపారేయలేని వాదనలకు బోర్డు సమాధానమే చెప్పకపోవడాన్ని తప్పుపట్టింది. రెండు పేరాల అభిప్రాయాల వల్ల వచ్చే ప్రమాదం ఇదే. దరఖాస్తులోని వాదనలకు అంకెలు వేసి, ఏ అంకెకు డ్రాఫ్టులో సమాధానం లేదో చూడండి. పది నిమిషాల పని.

విశ్రాంత పర్యవేక్షకుడు గారు కాలిన రికార్డుల సంగతి వదిలేశారు. 1973 జులై 12న సెయింట్ లూయిస్ దగ్గరి జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు పోయాయి. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ నుంచి డిశ్చార్జయినవారి రికార్డుల్లో సుమారు ఎనభై శాతం అందులోవే. అధికారులు తమ పని సక్రమంగానే చేసి ఉంటారని ముందే అనుకునే న్యాయసూత్రాన్ని ఈ ఫైళ్లకు యాంత్రికంగా వర్తింపజేయడం నాకు కోపం తెప్పిస్తుంది. కాగితం దరఖాస్తుదారు పారేసుకున్నది కాదు, ప్రభుత్వ భవనంలో కాలిపోయింది. "రికార్డులో ఆధారం లేదు" అనే వాక్యం ఎక్కడ కనబడినా, ఆ రికార్డు అసలు ఉందా అని అడగండి.

మరొకటి: బోర్డుకు బయటివారితో కేసుపై నడిచే ఉత్తర ప్రత్యుత్తరాల ప్రతులను, కొన్ని మినహాయింపులతో, దరఖాస్తుదారుకు ఇవ్వాలని 1556 సెక్షన్ చెబుతోంది. ఈ వాక్యాన్ని ఆ మాజీ సైనికుడే చదువుతాడన్న ఎరుకతో రాయిస్తే సగం దిద్దుబాటు దానంతటదే జరుగుతుంది.

జవాబు 3: నల్లకుంట వకీలు

హైదరాబాద్ నుంచి ఒక చిన్న మాట. మనకు అలాంటి పౌర బోర్డు లేదు. ఆర్మీ చట్టం కింద ఫిర్యాదు చేసుకోవడం, తర్వాత 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్లడం మన దారి. తెలుగు రాష్ట్రాల మాజీ సైనికులకు అది చెన్నై బెంచి. మా వికలాంగ పింఛను కేసుల్లో 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ తీర్పు లేకుండా వాదన సాగదు. చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే ఆరోగ్యంగానే చేరాడని భావించాలనీ, కాదనే మెడికల్ బోర్డు కారణాలు చూపాలనీ సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అక్కడా ఇక్కడా తగువంతా రాయని కారణం గురించేనన్నమాట.

పోటోమాక్ ఒడ్డున (మళ్లీ)

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలుగా దరఖాస్తే ముందు చదువుతున్నాను, వాదనలకు అంకెలూ వేస్తున్నాను. సీనియర్ గారితో గంటసేపు కూర్చున్నాను. అన్యాయం ఉందో లేదో తేల్చమని అడగలేదు; ఆ ప్రశ్న మీద బోర్డు తూచవలసిన వాస్తవాలు ఏ పేజీల్లో ఉన్నాయో ఒక పేరాలో చూపమన్నాను. "అంతే అయితే రాస్తాను" అన్నారు. నిన్న వచ్చిన డ్రాఫ్టులో ఆ పేరా ఉంది, నాలుగు పంక్తులే అయినా దరఖాస్తుదారు భార్య రాసిన ఉత్తరం పేజీ సంఖ్యతో సహా ఉంది.

యువ న్యాయవాది డ్రాఫ్టులో తీర్పులాంటి భాగాన్ని తీసేయమని చెప్పాను, కర్టా మెమో మూడో ప్రశ్న మీద ఆమె రాసిన పేజీన్నరను మాత్రం ఒక్క అక్షరం ముట్టుకోకుండా సంతకం చేశాను.