ఫోన్ స్పీకర్‌లో నా డ్రోన్ ఆల్బమ్ వినిపించడం లేదు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున బోటు ఇంజన్ల శబ్దం రికార్డు చేసి, దానికి తాన్‌పురా కలిపి 41 నిమిషాల యాంబియెంట్ డ్రోన్ ఆల్బమ్ (ఒకే స్వరం ఆగకుండా మోగుతూ ఉండే నేపథ్య సంగీతం) చేశాను. హెడ్‌ఫోన్లలో విన్నవాళ్లు కళ్లు మూసుకుని చివరిదాకా విన్నామన్నారు. ఫోన్‌లో విన్నవాళ్లేమో “ఫ్యాన్ గాలిలా ఉంది, సంగీతం ఎక్కడ?” అని అడుగుతున్నారు. ఆ మాట చాలా బాధపెట్టింది, ఎందుకంటే వాళ్లకు అసలు స్వరమే చేరలేదు.

ప్రధాన డ్రోన్ 55 హెర్ట్జ్ దగ్గర ఉంది. చిన్న స్పీకర్లు 200 హెర్ట్జ్ కంటే కింద సరిగా పలకవని తెలుసు. ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే సాధనం) 60 దగ్గర 6 డెసిబెల్స్ పెంచితే ఫోన్‌లో తేడా లేదు, హెడ్‌ఫోన్లలో మాత్రం బొంయ్‌మంది. మొత్తం ట్రాక్‌కి శాచురేషన్ (ధ్వనిని కాస్త వక్రీకరించే ఎఫెక్ట్) వేస్తే 110, 165, 220లో హార్మోనిక్స్, అంటే 55కి రెండింతలు, మూడింతలు, నాలుగింతల పై స్వరాలు వచ్చి ఫోన్‌లో స్వరం తెలిసింది. కానీ తాన్‌పురా జీవారి, ఆ సన్నటి జుమ్మనే నాదం, గరగరగా మారిపోయింది. ఎడమ, కుడి ఛానెళ్లు కలిపి మోనోలో కూడా చూశాను, అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకునే ఫేజ్ సమస్య లేదు.

తాన్‌పురా నాదం చెడకుండా, కింది డ్రోన్‌కి మాత్రమే హార్మోనిక్స్ చేర్చాలంటే దాన్ని ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర విడదీసి, శాచురేషన్ ఎంత కలపాలి?