నిమ్మతోట పనికి ఏం వేసుకోవాలి? బూట్లు నిజంగా అవసరమా?

పొదలకూరు నిమ్మ:
అందరికీ నమస్కారం. మాది పొదలకూరు పక్కన పల్లె. నాన్న పోయాక రెండెకరాల నిమ్మతోట నేనే చూసుకుంటున్నాను. పాదులు చేయడం, ఎండు పుల్లలు తీయడం, కాయ కోత, అన్నింట్లో కూలోళ్ళతో పాటు నేనూ దిగుతాను. ఇన్నాళ్ళూ చీర మీద నాన్న పాత చొక్కా వేసుకుని చేశాను. పోయిన వారం కొమ్మ కింద వంగి లేస్తుంటే కొంగు ముళ్ళకు చిక్కుకుని వెనక్కి పడ్డాను. మోచేయి వాచింది. అప్పటి నుంచి ఖాకీ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా, తలకు తువ్వాలు, మోకాలి దాకా గమ్ బూట్లు వేసుకుంటున్నాను. ఊళ్ళో పెద్దవాళ్ళకు నచ్చలేదు. వాళ్ళ సంగతి సరే, బూట్లలో మాత్రం చెమట పట్టి మధ్యాహ్నానికి వేళ్ళ సందులు ఒరిసిపోతున్నాయి. మీరు ఏం వేసుకుంటున్నారో చెప్పండి.

రాపూరు పెద్దాయన:
అమ్మాయ్, నాకు 63 ఏళ్ళు. పద్దెనిమిదో ఏట తోటలో దిగాను. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, బనియన్, తలగుడ్డ. కాళ్ళకు ఏమీ వేసుకోను. పాదులో తడి ఎంత ఉందో నాకు కాలు చెబుతుంది, ఆ తర్వాతే మోటారు వేస్తాను. నిమ్మ వేళ్ళు పైపైనే ఉంటాయి. బరువు బూట్లతో పాదులో తొక్కితే నేల గట్టిపడుతుంది, చెట్టు దిగులు పడుతుంది. రోహిణి కార్తె ఎండలో రబ్బరు బూట్లు వేసుకుంటే మనిషికి వడదెబ్బ తగులుతుంది. ప్యాంటు నీ ఇష్టం, నేను కాదనను. బూట్లు మాత్రం మానెయ్.

ఒంగోలు మిద్దెతోట:
మా మిద్దె మీద నలభై కుండీలు. నైటీ, హవాయి చెప్పులు. ఇన్నేళ్ళలో ఇబ్బంది రాలేదు.

టంగుటూరు ఆకు:
మిద్దెతోటకూ ముళ్ళతోటకూ పోలిక లేదు. నేను పొగాకు రైతుని. అందరూ నూలు బట్టలే మంచివంటారు, దాని గురించి ఒక మాట చెప్పాలి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున ఆకు కొట్టేటప్పుడు ఆకంతా మంచు. ఆ నీటిలో నికోటిన్ కరుగుతుంది. చంకలో ఆకు పెట్టుకుని నడిస్తే నూలు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది, చర్మం గుండా నికోటిన్ లోపలికి పోతుంది. కళ్ళు తిరుగుతాయి, వాంతులవుతాయి. చిన్నప్పుడు నాకు అలా అయితే దిష్టి అనుకుని మా నాయనమ్మ ఉప్పు తిప్పింది. ఇప్పుడు మా వాళ్ళు ఆకు పెట్టుకునే పక్కన ప్లాస్టిక్ పట్టా చుట్టుకుంటారు, తడిస్తే వెంటనే చొక్కా మార్చుకుంటారు. పొడి పనికి నూలు, తడి ఆకులో మాత్రం పైన పట్టా. ఒకే బట్ట అన్ని పనులకూ చాలదు.

రాపూరు పెద్దాయన:
నాయనా, ఇక్కడ పొగాకు మాట ఎవరు అడిగారు? అమ్మాయి అడిగింది నిమ్మతోట. నేను చెప్పింది కాళ్ళ గురించి.

గూడూరు తోటమాలి:
నిమ్మ గురించే చెప్తాను. ముల్లు ఒక్కటే కాదు పెద్దాయనా. కాయ తొక్కలో నూనె, పిండిన రసం చర్మం మీద పడి దాని మీద ఎండ తగిలితే బొబ్బలు వస్తాయి. తర్వాత నల్ల మచ్చలు పడి వారాల తరబడి పోవు. చాలామంది ఎలర్జీ అనుకుంటారు, అసలు కారణం ఎండా రసమూ కలవడం. అందుకే చేతులు పూర్తిగా కప్పాలి. గట్ల మీద వయ్యారిభామ కలుపు మొక్క ఉంటే అదీ తగిలి దురద. మెత్తటి టీషర్టుల పోగులు ముల్లు లాగేస్తుంది, మందపాటి ఖాకీ అయితే ముల్లు జారిపోతుంది. జీన్స్ వద్దు, మన సముద్రపు ఉక్కపోతకు ఆరదు.

పొదలకూరు నిమ్మ:
గూడూరు అన్నా, ఆ మచ్చల సంగతి నాకు తెలుసు. మా అమ్మ చేతులు అలాగే ఉండేవి.

కనిగిరి మాస్టారు:
అందరూ చర్మం గురించి మాట్లాడుతున్నారు. ప్రాణం గురించి ఎవరూ అనడం లేదు. మా తమ్ముణ్ణి మా బత్తాయి తోటలోనే రక్తపింజర కరిచింది. చీలమండ పైన రెండు వేళ్ళ ఎత్తులో. హవాయి చెప్పులు వేసుకున్నాడు. ఎవరో తాడు బిగించి కట్టారు, ఇంకెవరో పసరు పోయించారు. ఆసుపత్రికి చేరేసరికి మూడు గంటలు. బతికాడు, కానీ కిడ్నీలు దెబ్బతిని రెండు నెలలు డయాలసిస్ చేయించాం. తోట అమ్మేశాం. దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది పోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్క కట్టింది. కాట్లు ఎక్కువగా పడేది పాదాల మీద, కాళ్ళ మీదే. చెమట పడితే తుడుచుకోవచ్చు. బూట్లు వేసుకోమ్మా, మానకు.

రాపూరు పెద్దాయన:
మాస్టారూ, మీ తమ్ముడి సంగతికి బాధగా ఉంది. కానీ పాము కాలినే కరుస్తుందా? మా పక్క తోటాయన గడ్డి మోపు ఎత్తుతుంటే చేతి మీద కరిచింది. అప్పుడు బూట్లు ఏం చేస్తాయి? ఒట్టి కాళ్ళతో నడిచేవాడు చూసి అడుగేస్తాడు. బూట్లున్నవాడు ధైర్యంగా పొదలో పెడతాడు. మీ తమ్ముడు ఏ వేళప్పుడు తోటకు పోయాడు? చీకట్లో టార్చి లేకుండా పోయి ఉంటే ఆ తప్పు చెప్పులది కాదు.

కనిగిరి మాస్టారు:
కరెంటు రాత్రి పదకొండుకు ఇస్తే మోటారు వేయడానికి రాత్రే పోవాలి. టార్చి ఉంది. మా తమ్ముడి తప్పు వెతకడానికి మీరెవరు? నలభై అయిదేళ్ళుగా మీకు ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ కాదా? మీ కాలికి తడి తెలుస్తుందేమో, పాము పళ్ళు తెలిసే లోపు విషం ఎక్కుతుంది.

ఒంగోలు మిద్దెతోట:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి.

రాపూరు పెద్దాయన:
నెమ్మదిగానే చెప్తున్నాను. నా టెన్షన్ ఎవరికీ అర్థం కావడం లేదు. అమ్మాయి తన కాళ్ళకు బూట్లు కొనుక్కుంటే నాకేం నష్టం? రేపు ఆమె తోటలో చూసిన కోత కూలోళ్ళు నా తోటకు వచ్చి బూట్లు, గ్లౌజులు ఇస్తేనే దిగుతాం అంటారు. పన్నెండు మంది. వానాకాలం ధర పడిపోతే కోత ఖర్చు కూడా రాక కాయ చెట్టు కిందే వదిలేసిన ఏళ్ళు ఉన్నాయి. వేసవిలో నాలుగు రూపాయలు చూస్తాం, దాంతోనే ఏడాదంతా గడవాలి.

పొదలకూరు నిమ్మ:
పెద్దాయనా, ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది. నేల గట్టిపడుతుంది, వడదెబ్బ తగులుతుంది అని ఇంతసేపు ఎందుకు తిప్పారు? నాన్న ఈ రెండెకరాలు కొనకముందు మా అమ్మ పదిహేనేళ్ళు పరాయి తోటల్లో కాయ కోసింది. రాత్రి దీపం దగ్గర పిన్నీసుతో ముళ్ళు తీసింది నేనే. అరికాల్లో విరిగిన ముల్లు ఒకటి చీము పట్టి నెలరోజులు కుంటింది, ఆ నెల కూలి లేదు. మచ్చలు పడిన చేతులు దాచుకోవడానికి పెళ్ళిళ్ళలో కొంగు కప్పుకునేది. తోట వాళ్ళది, ముళ్ళు మావి. నేను ఏం వేసుకోవాలి అని అడిగాను కానీ, నాతో పాటు కోసే ఏడుగురి సంగతి నా మనసులోనూ ఉంది.

రాపూరు పెద్దాయన:
నేను రాక్షసుణ్ణి కాదమ్మా. రెండేళ్ళ కిందట గూడూరు పోయి ఆరు జతలు తెచ్చాను. రెండు రోజులు వేసుకుని షెడ్డులో పడేశారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాళ్ళకే వద్దన్నప్పుడు నన్ను ఏం చేయమంటారు?

గూడూరు తోటమాలి:
కోత సంగతి ఏమోగానీ, పురుగుమందు కొట్టేవాళ్ళకు ఇలాంటివి ఇవ్వడం మన దయ కాదు. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే రక్షణ దుస్తుల మాట ఉంది. మందు ఎంత విషమో చెప్పే త్రికోణం రంగు డబ్బా మీద ఉంటుంది, చూడండి. ఎరుపు, పసుపు ఉన్న వాటితో అసలు ఆటలొద్దు. గజ్జి తెగులుకు కొట్టే రాగి మందుకైనా కళ్ళకు అద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు ఉండాలి.

చేజర్ల కోత జట్టు:
నేను డిగ్రీ చదువుతున్నాను. మా అమ్మ కోత జట్టులో పెద్ద. మీరు రాసిందంతా చదివి వినిపించాను. ఆమె చెప్పింది రాస్తున్నాను. పెద్దాయన లాంటివాళ్ళు తెచ్చే బూట్లు మగవాళ్ళ సైజు, 8, 9. మా కాళ్ళు 5, 6. గుడ్డలు కుక్కుకుని నడిస్తే గట్టు మీద పడిపోతాం. అందుకే వదిలేశాం, వద్దని కాదు. మోకాలి బూట్లు బరువు, ఒక రోజులో రెండు తోటలు తిరగాలి. చీలమండ పైదాకా వచ్చే గట్టి గుడ్డ బూట్లయితే ముల్లు దిగకుండా ఉంటుంది, నడవొచ్చు. పాము భయం ఉన్న గడ్డి తోటకు మాత్రం మోకాలివే కావాలి. గ్లౌజుల సంగతి వేరు. సంచి లెక్కన డబ్బులిచ్చే తోటలో గ్లౌజులేసుకుంటే చెయ్యి ఆడదు, సాయంత్రానికి ఒకటి రెండు సంచులు తగ్గుతాయి. ఆ నష్టం మాది. రోజు కూలి ఇచ్చే తోటలో వేసుకుంటాం. ఇంకొక మాట. మందు కొట్టిన మర్నాడు కోతకు పిలుస్తారు. ఆ బట్టలతోనే ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకుంటాం, పిల్లల బట్టలతోనే ఉతుకుతాం. బట్టలు మార్చుకోవడానికి చాటు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, ఒక బకెట్టు నీళ్ళు ఏ తోటలోనూ లేవు. ముందు అది కావాలి అని మా అమ్మ అంటోంది.

కనిగిరి మాస్టారు:
ఆ చాటు సంగతి నాకు ఇంతవరకూ తట్టలేదమ్మా. మందు కొట్టిన మర్నాడు ఎవరినీ తోటలోకి పిలవకూడదు, డబ్బా మీద ఎన్నాళ్ళు ఆగమని రాసి ఉంటే అన్నాళ్ళు ఆగాలి. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

పొదలకూరు నిమ్మ:
నిన్న మా వాళ్ళను అడిగాను. ఏడుగురిలో అయిదుగురు గుడ్డ బూట్లు కావాలన్నారు, ఇద్దరు టైరు చెప్పులే చాలన్నారు. సైజులు రాసుకున్నాను: 5 మూడు జతలు, 6 రెండు. మా తోటలో సంచి లెక్క తీసేసి రోజు కూలి పెడుతున్నాను. మోటారు షెడ్డు పక్కన తాటాకు దడి కట్టిస్తాను, నీళ్ళు ఎలాగూ అక్కడే ఉన్నాయి. నా మట్టుకు ఎండ దిగాక, వాన పడ్డాక గమ్ బూట్లు, మిగతా వేళల్లో గుడ్డ బూట్లు, లోపల నూలు మేజోళ్ళు. చూస్తాను.

రాపూరు పెద్దాయన:
నా కాళ్ళకు మాత్రం వద్దు, ఈ వయసులో మారను. మాస్టారూ, మీ తమ్ముడి గురించి అలా అనకుండా ఉండాల్సింది. షెడ్డులో ఆరు జతలు 8 నంబరువి కొత్తగానే ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తే తీసుకుని బదులుగా 5, 6 నంబర్లవి ఇప్పించండి.

టంగుటూరు ఆకు:
పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర మా మగవాళ్ళకు 8 సరిపోతాయి. నాలుగు నేను తీసుకుంటాను. ఆదివారం నెల్లూరు వస్తున్నాను, చిన్న సైజులు అక్కడ కొని మీకు అందజేస్తాను.